జిగురు కింది రంగు

సెకండ్‌హ్యాండ్ కారు ఇంటికొచ్చిన వారంలోపే చాలామంది దాని లోపలి అలంకారం మీద పడతారు. డ్యాష్‌బోర్డు మీద ముందటి ఓనరు అతికించిన చెక్కరంగు షీటు, తలుపుల వెంట మెరుపు పట్టీ, డబుల్ టేపుతో నిలబెట్టిన వినాయకుడు, వెనక అద్దం మీద పిల్లల పేర్లు. డబ్బిచ్చి కొన్నాం, బండి మనది, నచ్చనివి తీసేస్తాం. ఇందులో మంచిచెడ్డల గురించి ఆలోచించాల్సినంత ఏముంది?

కొంత ఉందనే అనుకుంటాను.

కొత్తపేటలో కార్ల లోపలి పనులు చేసే ఒక చిన్న షెడ్డులో కుర్రాడొకడు అన్నాడు: "అతికియ్యనీకి పది నిమిషాలు సాలు సార్, తియ్యనీకి పూట పడ్తది." అతని పని చూస్తే ఎందుకో అర్థమవుతుంది. ముందు హెయిర్ డ్రైయర్‌తో వెచ్చబెడతాడు. ప్లాస్టిక్ పలకతో ఒక మూల లేపి, షీటును దాదాపు వెనక్కి మడిచి, నిదానంగా లాగుతాడు. మందపాటి పట్టీ అయితే వెనక నైలాన్ దారం దూర్చి, రంపంలా అటూ ఇటూ ఆడించి జిగురును కోస్తాడు. మిగిలినదాన్ని మెత్తటి గుడ్డకు స్పిరిట్ అద్ది తుడుస్తాడు, అదీ ఎవరికీ కనపడని మూల రాసి చూశాకే. తొందరపడి గోళ్ల రంగు తుడిచే ద్రవం వాడితే అందులోని అసిటోన్ కింది ప్లాస్టిక్‌నీ తినేస్తుంది. గభాలున లాగితే జిగురు బిగుసుకుంటుంది. వెచ్చబెట్టి మెల్లగా లాగితే సాగి, వదిలేస్తుంది.

జిగురు టేపుకీ కార్లకీ పాత చుట్టరికం. 1920లలో అమెరికాలో రెండు రంగుల కార్లు ఫ్యాషన్. రంగుల మధ్య గీత తిన్నగా రావాలని పెయింటర్లు కాగితాలు అతికించేవాళ్లు. వాటిని పీకేటప్పుడు అప్పుడే వేసిన రంగూ ఊడొచ్చేది. వాళ్ల తిట్లు విన్న 3ఎం కంపెనీ ఉద్యోగి రిచర్డ్ డ్రూ 1925లో మాస్కింగ్ టేపు తయారుచేశాడు. గట్టిగా పట్టుకోవడమే జిగురుకు గొప్ప అనుకుంటాం. గాయం చేయకుండా విడిపోవడమూ ఒక గుణమేనని ఆ షెడ్డులో అతనికి తట్టింది.

సరే, నేర్పుగా తీశాం. కింద ఏం దొరుకుతుంది? కంపెనీ నుంచి వచ్చిన అసలు డ్యాష్‌బోర్డు దొరుకుతుందని ఆశ. మన ఎండలకు చుట్టూ ప్లాస్టిక్ వెలిసిపోయి ఉంటుంది. షీటు ఉన్నంత మేర ముదురు రంగు అలాగే ఉంటుంది. వినాయకుడు కూర్చున్న చోట ఆయన పీఠం ఆకారం. వెలిసింది అసలా, వెలవనిది అసలా? రెండూ ఆ బండి బతుకే. కొత్తపేట పండ్ల మార్కెట్‌ను 2021లో బాటసింగారానికి పంపించారు. ఆ స్థలాన్ని ఆసుపత్రికి ఇచ్చారు. అయినా అడ్రసు చెప్పేటప్పుడు చాలామంది నోట ఇంకా ఫ్రూట్ మార్కెట్ అనే వస్తుంది.

ఈ మచ్చ దగ్గరే ప్రశ్న మొదలవుతుంది. ఒకరు తమ కళ్లకు ఇంపుగా ఉండాలని తుడుస్తారు, ఇంకొకరు తర్వాత కొనేవాడి కళ్లు కప్పాలని. క్యాబ్‌గా తిరిగిన బండికి పసుపు నంబర్ ప్లేటు తీసి తెల్లది వేయించుకోవడానికి చట్టంలో దారి ఉంది. కానీ లోపలి స్టిక్కర్లు, ఫోన్ స్టాండు జిగురు మచ్చలు తుడిచేసి, సీటు కవర్లు మార్చి, 'ఫ్యామిలీ వాడిన బండి సార్' అని అమ్మితే? అదే గుడ్డ, అదే స్పిరిట్, పని మాత్రం వేరు. అలా అమ్మేవాడు కిస్తీలు కట్టలేక బండి వదులుకుంటున్న డ్రైవరే కావచ్చు. నిజం చెబితే ధర పడిపోతుంది, ఆ తేడా అతనికి చిన్నది కాదు. కానీ కొనేవాడూ చాలాసార్లు అలాంటివాడే, అప్పు చేసి మొదటి కారు కొంటున్న చిరుద్యోగి. అందుకని నా కొలత ఇది: ఇక్కడ ఏముండేది అని అడిగితే దాచకుండా చెప్పగలిగితే అది శుభ్రం చేయడం. నోరు రాకపోతే మోసం.

వెనక అద్దం మీద కులం పేరు ఉంటే? దాన్ని సందేహం లేకుండా తీసేయొచ్చు. అయినా రోడ్డు మీద మర్యాద దక్కుతుందని, తమది కాని కులం పేరును ఉంచుకునేవాళ్లూ ఉంటారు. అక్కడ తీయకపోవడమే కళ్లు కప్పడం.

తెలుగులో 'అంటు' అనే మాట ఎన్ని చోట్ల తిరుగుతుందో చూడండి. తలంటులో అది అమ్మ చెయ్యి. అంటుమామిడిలో రెండు చెట్ల ప్రాణం ఒకటవుతుంది. అంటువ్యాధిలో భయం, అంటించడంలో నిప్పు. అంటరానితనంలో మనిషిని మనిషి తాకకపోవడం. స్టిక్కరు వేసుకున్నవాడు ఒక సెలవు రోజు కూర్చుని పీకేసుకోగలడు. ఎదుటివాళ్లు నుదుటి మీద అతికించిన పేరును మోసేవాడికి ఆ వీలు లేదు, దాని కొస అతని చేతికి అందదు. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని 1950లోనే రద్దు చేసింది. షీటు ఊడింది, జిగురు మిగిలింది. అక్కడ నిదానంగా తీయాలన్న సలహా మోస్తున్నవాడికి ఇవ్వకూడదు. ఓపిక పట్టాల్సింది, గుడ్డ పట్టుకోవాల్సింది అతికించినవాళ్లు.

తీసేవాళ్ల బాధ్యత రెండు ముక్కల్లో చెప్పొచ్చు. కింద ఉన్నదాన్ని గాయపరచకూడదు. జిగురు పోకముందే పోయిందని చెప్పకూడదు. కంటికి ఆనని జిగురు కూడా వేలికి తెలుస్తుంది. వేలు పెట్టి చూడకపోయినా, పది రోజుల్లో దుమ్ము వచ్చి వాలి, ఏ మేరకు అంటుకుని ఉందో గీత గీసి మరీ చూపిస్తుంది.