ఒకే ధర

చదువవలసిన భాగము: లూకా 16:1-13



సంతలో మనము బేరమాడుట ఎరుగుదుము. వర్తకుడొకటి చెప్పును, మనము సగమునకు అడుగుదుము, నడుమ ఎక్కడనో బేరము కుదురును. నోరున్నవానికి ఒక ధర, నోరులేనివానికి ఇంకొక ధర. ఇది తప్పని మనలో ఎంతమంది ఎంచుదురు?

అమెరికాలోని ఫిలడెల్ఫియా పట్టణమున జాన్ వానమేకర్ అను వర్తకుడు ఇది న్యాయము కాదని యెంచెను. ఆయన 1838లో ఇటుకలు చేయువాని యింట జన్మించెను. చిన్నతనమున ఆదివారపు బడిలో ఎర్ర తోలు అట్టగల బైబిలును 2 డాలర్ల 75 సెంట్లకు వాయిదాల మీద కొనెను. తన కొనుగోళ్లన్నిటిలో అదే గొప్పదని పెద్దవాడైన తరువాత చెప్పుచుండెడివాడు. 1858లో బెతనీ ఆదివారపు బడిని స్థాపించెను. 1860లో మేరీ బ్రౌనును వివాహమాడి, మరుసటి యేట ఆమె సోదరుడు నేతన్‌తో కలిసి బట్టల అంగడి తెరచెను. మొదటి దినపు రాబడి 24 డాలర్ల 67 సెంట్లు. అందులో 24 డాలర్లు ప్రకటనలకు పోగా, చిల్లరకు మిగిలినది 67 సెంట్లే. అయినను ఆ అంగడి పెరిగెను. ధనికునికిని పేదకును ఒకే ధర. సరకు నచ్చనిచో సొమ్ము వాపసు. ఆ యింట ఆరుగురు బిడ్డలు పుట్టగా ఇద్దరు పసితనముననే గతించిరి. ఆ దుఃఖమును వారెరుగుదురు.

పిమ్మట ఆయన రాజకీయములలో ప్రవేశించెను. 1888 ఎన్నికలలో హారిసన్ పక్షమున విరాళములు పోగుచేసెను. 1889లో పోస్టుమాస్టరు జనరల్ ఆయెను. పల్లెజనుల ఉత్తరములు వారి యిండ్లకే చేరవలెనని పట్టుబట్టెను. ఆయన దిగిపోయిన తరువాత 1896లో అది మొదలాయెను. అయితే ఆయన కాలముననే వేలకొలది పోస్టుమాస్టర్లు పార్టీ కారణమున ఉద్యోగములు పోగొట్టుకొనిరి. సొమ్మిచ్చి పదవి కొనెనని నిందించినవారును కలరు.

ఇచ్చట మేము కొంచెము ఆగి ఆలోచించితిమి. అంగడిలో బేరమును మాన్పించినవాడు, పదవులు బేరమగు చోట నిలువవలసి వచ్చెను. అంగడిలో పట్టిన త్రాసును అచ్చటను అట్లే పట్టెనని చెప్పుటకు మాకు నోరు రాదు. అయినను పదవిలో ఉన్నన్నాళ్లు వారాంతమున వాషింగ్టను నుండి రైలెక్కి, ఆదివారము తన బడి పిల్లల మధ్య ఉండుట ఆయన మానలేదు. మద్రాసు వై.ఎం.సి.ఏ. భవనమునకు సహాయము చేసిన చేయియు అదే. 1922లో ఆయన మరణించెను.

గొప్పవారిని పొగడుట సులభము, రాళ్లు రువ్వుట అంతకంటె సులభము. కొంచెములో నమ్మకమైనవానిని గూర్చి ప్రభువు చెప్పిన మాట మనకే తగులును. ఆరాధనలో ఒక త్రాసు, కూలివానికి కూలి ఇచ్చునప్పుడు ఒక త్రాసు, సంఘ ఎన్నికలలో మనవాడని ఓటువేయునప్పుడు మరియొక త్రాసు మనకు లేవా? కాపరులమైన మాకును లేవా?

ఈ నెలలో ఒక్క త్రాసునైనను సరిచేసికొందము. అందుకు ప్రభువు మనకు కృప ననుగ్రహించును గాక. ఆమేన్.