ఆకలి గురించి అడగడం ధమ్మమేనా?



మన విహారాల్లో వందన అయ్యాక కూర్చుని మాట్లాడుకునేవాళ్లలో అంగన్‌వాడీ టీచర్లు, ఆయాలు చాలామందే ఉంటారు. వాళ్ల నోటి నుంచి తరచుగా వచ్చే ప్రశ్న ఒకటి ఉంది. "గుడ్లు సరిగా రావట్లేదని, మన వాడకి సెంటరే లేదని ఎమ్మెల్యే దగ్గరికెళ్లి చెప్పాలంటారు. అది రాజకీయం కాదా? పంచశీల తీసుకున్న ఉపాసిక ఒకరి గుమ్మం ముందు నిలబడి అడగొచ్చా? ఉన్నదాంతో తృప్తి పడమనే కదా ధమ్మం చెప్పేది?"

తృప్తి మంచిదే. అయితే ఎవరి కంచం గురించి తృప్తి? నా కంచంలో ఉన్నది చాలనుకుంటే అది నా గుణం. పక్కింటి పిల్ల కంచం ఖాళీగా ఉంటే, దాన్ని చూసి "తృప్తి పడాలమ్మా" అంటే అదేం గుణం? పూర్వజన్మ కర్మ అని చెప్పి మన తాతముత్తాతల నోరు మూయించిన మాటకీ దీనికీ ఏమీ తేడా లేదు.

వినయ పిటకంలో భిక్షువులకు ఒక నియమం ఉంది. ఆరోగ్యంగా ఉన్న భిక్షువు తనకోసం నెయ్యి, తేనె, చేప, మాంసం, పాలు, పెరుగు వంటివి అడిగి తెప్పించుకుని తినకూడదు. కానీ జబ్బుపడినవాడి కోసం అడిగితే దోషం లేదు. అంటే తనకోసమైతే మౌనంగా ఉండాల్సిన నోరు, ఇంకొకరి అవసరానికి తెరుచుకోవచ్చు. ఇది చిన్న సంగతి కాదు. తెరిచి చూపినవాడు స్వయంగా బుద్ధుడే. ఆళవి అనే ఊళ్లో ఒక పేద రైతు, తప్పిపోయిన ఎద్దు కోసం పొద్దున్నుంచీ తిరిగి, ఖాళీ కడుపుతో ధమ్మం వినడానికి వచ్చాడు. అందరూ కూర్చుని ఉన్నారు. బుద్ధుడు ఉపదేశం మొదలుపెట్టలేదు. సంఘం తినగా అన్నం ఏమైనా మిగిలిందా అని వడ్డించేవాళ్లని అడిగి, రైతుకి పెట్టించి, అతను తిన్నాకే నోరు తెరిచాడు. ఇదేంటని భిక్షువులు గొణుక్కుంటే, ఆకలిని మించిన రోగం లేదన్న అర్థంలో వాళ్లకి చెప్పాడు.

ఇక పాలకుడి సంగతి. దీఘనికాయంలోని చక్కవత్తి సీహనాద సుత్తంలో ఒక రాజు రక్షణ అంతా బాగానే చూస్తాడు, పేదలకు ధనం మాత్రం అందించడు. అక్కడి నుంచి పేదరికం, పేదరికం నుంచి దొంగతనం, దాని నుంచి ఆయుధాలు, హత్యలు, అబద్ధాలు. తప్పు దొంగ దగ్గర మొదలవ్వలేదు, రాజు చేయని పని దగ్గర మొదలైంది. నేడు రాజు లేడు. బడ్జెట్‌కి ఓటు వేసే శాసనసభ్యుడు ఉన్నాడు. ఆయన చేయాల్సిన పని ఆయనకి గుర్తుచేయడం ఈ సుత్తం చదివినవాళ్లకి కొత్తేమీ కాకూడదు.

గుర్తుచేయడం వేరు, బతిమాలడం వేరు. అంగన్‌వాడీలో పెట్టే అన్నం ఎవరి దానమూ కాదు. ఐసీడీఎస్ 1975 అక్టోబర్ 2న 33 బ్లాకుల్లో మొదలైనప్పుడు అది ఒక పథకం. 2001లో వేసిన ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు ఆ ఏడాది నవంబర్ 28న ఇచ్చిన ఉత్తర్వుతో అది హక్కుగా మారింది. 2006 డిసెంబర్ 13 నాటి ఉత్తర్వు ఇంకా ముందుకెళ్లింది. ఆరేళ్లలోపు పిల్లలు 40 మంది ఉండి సెంటర్ లేని వాడ ఏదైనా సరే, అడిగిన మూడు నెలల్లో సెంటర్ పెట్టాలని, ఎస్సీ, ఎస్టీ వాడలకు ముందు చోటు ఇవ్వాలని చెప్పింది. సెంటర్ ఊరి నడిబొడ్డున పెట్టి, మాల, మాదిగ పిల్లలు గడప దాకా వచ్చి వెనక్కి పోయే ఊళ్లు మనకు తెలియనివి కావు. ఆ తర్వాత 2013 ఆహార భద్రత చట్టం గర్భిణికి, ప్రసవమయ్యాక ఆరు నెలల వరకు బాలింతకి, ఆరు నెలల నుంచి ఆరేళ్ల దాకా పిల్లలకి ఉచిత భోజనాన్ని చట్టంలోనే రాసింది. అందనప్పుడు ప్రభుత్వం ఆహార భద్రత భత్యం ఇవ్వాలని కూడా అందులోనే ఉంది. కాబట్టి ఎమ్మెల్యే గారింటికి పూలదండ, శాలువా పట్టుకెళ్లి "దయచేసి" అని మొదలుపెట్టే పద్ధతి నాకు నచ్చదు. మర్యాదగా నమస్కరించండి, సార్ అనండి, మేడమ్ అనండి. కానీ చేతిలో ఉండాల్సింది కాగితం.

బాబాసాహెబ్ చేసిందీ అదే. 1919లో సౌత్‌బరో కమిటీ ముందు, 1928లో సైమన్ కమిషన్ ముందు కూర్చుని మన సంగతి సాక్ష్యంగా చెప్పారు. అదే 1928 జూలైలో బొంబాయి శాసనమండలిలో కార్మిక స్త్రీల ప్రసూతి ప్రయోజనాల బిల్లు వచ్చినప్పుడు, కాన్పుకి ముందూ వెనుకా తల్లికి విశ్రాంతి దొరకడం దేశానికే మేలని, ఆ భారంలో ఎక్కువ భాగం ప్రభుత్వం మోయాలని వాదించారు. చివరి రోజుల్లో రాసిన 'బుద్ధుడు - ఆయన ధమ్మం' పీఠికలో భిక్షువు గురించి ఒక ప్రశ్న వేశారు: భిక్షువు తనకు తాను పరిపూర్ణుడైతే చాలా, జనానికి సేవ చేసేవాడు కావాలా? ఆయన మొగ్గు ఎటో దాచుకోలేదు. భిక్షువు సంగతే అలా ఉంటే, రోజూ పాతిక మంది పిల్లల ముఖాలు చూసే టీచర్ సంగతి చెప్పాలా?

అసలు కష్టం ఎమ్మెల్యే ముందు కాదు, రిజిస్టర్ ముందు. సెక్టార్ మీటింగులో తిట్లు పడతాయని 9 కిలోల పిల్లని 10 కిలోలని రాస్తే, ఆ పిల్ల గ్రోత్ చార్టులో పచ్చ రంగులోకి పోతుంది, ఇంట్లో మాత్రం అలాగే ఉంటుంది. ముసావాదం వద్దన్న శీలం నోటికే కాదు, పెన్నుకీ, ఫోన్‌లోని పోషణ్ ట్రాకర్‌కీ వర్తిస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఐదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం, తెలంగాణలో 33.1 శాతం. ముగ్గురిలో ఒకరన్నమాట. మన మండలం కాగితాల్లో అంతా పచ్చగా ఉంటే, శాసనసభ్యుడు ఏం చూసి ప్రశ్న అడుగుతాడు? పై అధికారికి భయపడి రాసిన ఒక అంకె, వంద వినతిపత్రాలను పనికిరాకుండా చేస్తుంది. అవతలి తప్పు కూడా ఉంది. సాయం త్వరగా వస్తుందని ఉన్నదానికన్నా ఎక్కువ చేసి చెప్పడం. అదీ అబద్ధమే, పైగా ఒకసారి దొరికిపోతే మళ్లీ ఎవరూ నమ్మరు.

ఇంకోటి, పిల్ల ఫోటో. ఎముకలు తేలిన పిల్లని ఫోటో తీసి పేరుతో సహా చూపిస్తే నాయకుడి మనసు కరగొచ్చు. ఆ తల్లి రేపు వీధిలో ఎలా నడవాలి? ఆమె ఒప్పుకోనిదే ఆమె కథ మనది కాదు. ఆ నాయకుడు కరగకపోయినా సరే అంటాను నేను. అంకెలు చెప్పండి, వాడ పేరు చెప్పండి, ఎన్ని నెలలుగా ఏది రాలేదో తేదీలతో చెప్పండి. అవి చాలు.

జీతం మాటేమిటని అడుగుతారు. ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీ అక్కచెల్లెళ్లు 2023 డిసెంబర్ 12 నుంచి 42 రోజులు సమ్మె చేశారు, ఎస్మా ప్రయోగించినా నిలబడ్డారు. అది సమ్మా ఆజీవం కోసం పోరాటం, గృహస్థులకి ఆ హక్కు నిండుగా ఉంది. అయితే పిల్లల గుడ్ల గురించి వెళ్లిన రోజున గుడ్ల గురించే మాట్లాడటం మంచిది. రెండూ కలిపితే వినేవాడు తనకి తేలికైనదాన్ని పట్టుకుని రెండోదాన్ని వదిలేస్తాడు.

గుడ్డు అంటే గుర్తొచ్చింది. 2015లో మధ్యప్రదేశ్‌లో అంగన్‌వాడీల్లో గుడ్డు పెట్టాలన్న ప్రతిపాదనని అక్కడి ముఖ్యమంత్రి తోసిపుచ్చారు. గుడ్డు తినే ఇళ్ల పిల్లల కంచాన్ని తినని ఇళ్లవాళ్ల శుద్ధి నిర్ణయించింది. మన రెండు రాష్ట్రాల్లో గుడ్డు ఉంది, పెట్టడం మొదలైంది కాబట్టి ఎప్పటికీ ఉంటుందనుకోవద్దు. మన ఇళ్లల్లో ఏం తింటామో సిగ్గుపడకుండా చెప్పేవాళ్లు చట్టసభ చెవిన పడేంత దగ్గర్లో ఉండాలి.

చెప్పేది ఎవరు? టీచర్ చదువుకుంది, మాట్లాడగలదు. అందుకే తల్లుల తరఫున తానే మాట్లాడేస్తుంది. అది కొన్నాళ్లు తప్పదు. పై అధికారులు "మమ్మల్ని దాటి వెళ్లావా" అని గద్దించడం కూడా తప్పదు, అందుకే ఒంటరిగా వెళ్లొద్దు. తల్లుల్లో ఇద్దరిని వెంట తీసుకెళ్లండి. ముందురోజు విహారంలోనే కూర్చుని, ఎవరు ఏది చెప్పాలో ఒకటికి రెండుసార్లు అనుకోండి. అక్కడికెళ్లాక బాలింతే మాట్లాడాలి, ఆమె తడబడితే టీచర్ తేదీ అందించాలి. "ఎవరమ్మా నువ్వు?" అని ఆయన అడిగితే, వాడ పేరూ తన పేరూ ఆమే చెప్పుకోవాలి. రిజిస్టర్ టీచర్ ఒళ్లో ఉంటుంది, అడిగిన పేజీ తీసి చూపిస్తుంది.