సొత్తు విలువయు త్యాగధర్మమును

ఒక్క వస్తువే పలువురకు పలువిధములైన విలువ గలదిగా తోచుచుండుట లోకమున నెల్లరు నెఱిగినదే. ఒకనికి ప్రాణసమానమైనది మఱియొకనికి తృణప్రాయము. ఈ భేదము అజ్ఞానమువలన గలిగినదా, లేక న్యాయమైనదా? న్యాయమైనదే యైనచో, ఒకరి సొత్తునకు మఱియొకరు విలువ నిర్ణయించుట ధర్మమగునా? ఈ ప్రశ్నను విచారింపవలసియున్నది.

కర్నూలు మండలమున జొన్నగిరి, తుగ్గలి ప్రాంతములయందు తొలకరి వానలు కురియగానే జనులు తమ పనులు మాని, వజ్రములకై చేలలో నేల చూచుచు తిరుగుదురు. రైతు నాగలికి అడ్డమని గట్టున పాఱవేసిన రాయియే పరీక్షకుని కంటబడినచో వేలు, లక్షలు పలుకవచ్చును. రాయి మాఱలేదు, చూచు కన్ను మాఱినది. అయినను ఇచ్చట రెండు కన్నులును చూచునది అంగడి ధరనే. అంగడికి లొంగని విలువ వేఱొకటి కలదని మాకు తెలియవచ్చిన విధమును చెప్పెదము.

పెద్దకడుబూరు ప్రాంతమునుండి అన్నదమ్ములిరువురు భాగపత్రము వ్రాయించుకొనుటకై మాకడకు వచ్చిరి. నల్లరేగడి పొలము, ఇల్లు, ఎద్దులు వివాదము లేకుండ పంచుకొనిరి. కాని పాతబడిన విత్తనపు గొర్రు ఒకటి మిగిలెను. దానికై ఇరువురును పట్టుబట్టిరి. మేము నవ్వి, క్రొత్తదానికి వలయు సొమ్ము మేమే యిచ్చెదమంటిమి. పెద్దవాడు, “సామీ, కరువొచ్చినప్పుడు మా నాయన ఎద్దుల్ని అమ్మినాడు గాని గొర్రును అమ్మలేదు” అనెను. మేము సిగ్గుపడితిమి. మేము కట్టెకు ధర కట్టితిమి. అతడు తండ్రి ఆశకు విలువ కట్టెను. వాన వచ్చునని నమ్మినవాడే గదా గొర్రును దాచుకొనును!

అయితే కథ అంతటితో ముగియలేదు. వాకిటికడ వారి చెల్లెలు నిలిచియుండెను. ఆమె తన హక్కును వదలుకొన్నట్లు పత్రము వ్రాయుమని అన్నలు కోరిరి. కారణమడుగగా, “దానికి సొత్తు మీద ఆశ లేదు సామీ, మంచి పిల్ల” అనిరి. మేము ఆమెనే అడిగితిమి. ఆమె చాలసేపు మాటాడక, తుదకు, “ఆశ ఉందో లేదో నన్నెవరడిగినారు? భాగమడిగితే పుట్టిల్లు పోతాదని భయం” అనెను. ఆ పత్రమును వ్రాయుటకు మేమొప్పుకొనలేదు. వారు కాగితములు తీసికొని వెడలిపోయిరి. కాని అంతకుపూర్వము అట్టి పత్రములు మాచేతితోనే పెక్కు వ్రాసియుంటిమి. ఆ యాడుబిడ్డలలో ఒక్కరినైనను ఈ ప్రశ్న యడిగిన జ్ఞాపకము లేదు.

తండ్రి గొర్రు అన్నలకు అంగడి ధరను మించినదైనప్పుడు, తండ్రి పొలము కూతునకు వట్టి మన్ను ఎట్లగును? తమ మమకారమును పితృభక్తి యనుకొన్నవారు, ఆమె మమకారమును దురాశ యనుటకు వెనుదీయరు. ఆంధ్రప్రదేశమున 1986లోను, దేశమంతటికి 2005లోను కూతులకు పిత్రార్జితమున సమానభాగము నొసగు చట్టసవరణములు వచ్చినవి. చట్టము భాగము నీయగలదు. కాని పుట్టిల్లు పోవునను భయమును తీర్చుట చట్టమువలన కాదు, అన్నలవలననే కావలయును.

అల్పపరిగ్రహము మంచిదని మన పెద్దలు చెప్పలేదా యని కొందఱందురు. చెప్పిరి. ఇదే మండలమున ఎఱ్ఱగుడి బండపై అశోక చక్రవర్తి చెక్కించిన శాసనములలోను, తక్కువ వ్యయము, తక్కువ సంచయము మేలను బోధ యున్నది. బోధ సత్యమే. కాని దానిని ఎవరు ఎవరికి చెప్పుచున్నారో చూడవలయును. సగము పొలము తన పేర వ్రాయించుకొన్నవాడు ఏమియు లేనిదానికి అపరిగ్రహమును బోధించుట త్యాగోపదేశము కాదు, అపహరణము.

త్యాగమెట్టిదో మహర్షి దేవేంద్రనాథ టాగూరు చరిత్రము తెలుపుచున్నది. యౌవనమున ఆయన కంటబడిన యొక చినిగిన పుస్తకపుటాకు ఈశోపనిషత్తులోనిది. త్యాగమును, పరధనమును కోరకుండుటను ఒక్కచోటనే బోధించు శ్లోకమది. 1846లో తండ్రి ద్వారకానాథుడు లండనులో మరణించెను. పిదప వారి వర్తకసంఘము కూలిపోయెను. కొంత భూమి ధర్మకర్తృత్వపత్రముచే రక్షింపబడియుండుటవలన ఋణదాతలు దానిని తాకజాలరు. దేవేంద్రనాథుడు ఆ భూమిని సైతము తానుగా వారి ముందుంచెను. చట్టము తనకిచ్చిన కవచమును తానే విప్పెను. తన సోదరి కవచమును విప్పలేదు!

కావున మేము తేల్చునదిది. వస్తువుల విలువయందు మనుష్యులు భేదించుట దోషము కాదు. ఎవరి త్రాసు వారికి ఈశ్వరుడొసగెను. తన త్రాసుతో పరుల సొత్తును తూచి, ఇది నీకక్కఱలేదనుటయే దోషము. తన చేతిలోనిది విడుచుట త్యాగము, పరుల చేతిలోనిది విడిపించుట దోపిడి.

సోదరులారా, మీ యింట భాగపత్రము వ్రాయబడు దినమున, మొదట ఆడుబిడ్డను కూర్చుండబెట్టి, ఆమె కోరిక యేమని యడుగుడు. ఆమె వలదన్నను పుట్టింటి తలుపు మూయబడదని చెప్పి, మరల నొకసారి యడుగుడు. అట్లడుగు ధైర్యమును సర్వేశ్వరుడు మనకు ప్రసాదించుగాక!