పెద్ద యాంటెన్నా, చిన్న యాంటెన్నా

మంజీర మీద నిజాంసాగర్ కట్ట 1931లో పూర్తయింది. ఆ సాగర్ నీళ్లలో ఇద్దరు అన్నదమ్ములు చెరో పడవ మీద చేపలు పట్టుకుని బతికేవాళ్లు. వలలో రవ్వ, బొచ్చె ఎంత పడిందో పడవ మీంచే ఎల్లారెడ్డి, కామారెడ్డి వ్యాపారులకు వాట్సాప్‌లో చెబితే, ఒడ్డుకు చేరేసరికి ఐసు పెట్టెలతో బండి వచ్చి ఉండేది. బండి ఆలస్యమైతే చేప మెత్తబడి ధర పడిపోతుంది. నడినీళ్లలో మాత్రం ఫోన్‌కు ఒక గీత సిగ్నల్ వచ్చేది, పోయేది. అందుకని ఇద్దరూ సిమ్ వేసే రౌటర్లు కొన్నారు.

అన్న కామారెడ్డి వెళ్లి, దుకాణంలో ఉన్నవాటిలోకెల్లా ఎక్కువ డీబీ (సిగ్నల్ బలం లెక్క) ఉన్న పెద్ద యాంటెన్నా తెచ్చాడు. రౌటరును పడవ అడుగున పెట్టెలో దాచి, గెడ చివర కట్టిన యాంటెన్నాదాకా పొడవాటి వైరు లాగాడు. కట్ట పక్కన పడవ కట్టేసి చూస్తే వీడియోలు కూడా ఆగకుండా వచ్చాయి. ఊరంతా వచ్చి చూసి మెచ్చుకుంది.

తమ్ముడు యాంటెన్నా కొనకముందే ఫోన్ పట్టుకుని సాగర్ అంతా తిరిగాడు. పడవలో కూర్చుంటే సిగ్నల్ ఎంత, గెడ చివర కడితే ఎంత, గాలి లేస్తే ఏమవుతోంది, అన్నీ గుర్తుపెట్టుకున్నాడు. తర్వాత చిన్న యాంటెన్నా తెచ్చి వెదురు గెడ చివర కట్టాడు. వైరు పొడవైనకొద్దీ సిగ్నల్‌ను అదే తినేస్తుంది కనుక, రౌటరును నీళ్లు చొరని డబ్బాలో పెట్టి యాంటెన్నా కిందే బిగించాడు. జాయింట్లకు రబ్బరు టేపు చుట్టాడు. డబ్బాలోకి పోయేచోట వైరును కాస్త కిందికి వేలాడదీసి మళ్లీ పైకి తిప్పాడు. వైరు వెంట జారే వాననీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది. ఇంజను బ్యాటరీ జోలికి పోకుండా రౌటరుకు వేరే బ్యాటరీ పెట్టాడు. కట్ట దగ్గర చూస్తే అన్న నెట్‌లో సగం వేగం కూడా లేదు.

వానాకాలం వచ్చింది. ఒక సాయంత్రం గాలి లేచి రెండు పడవలూ ఊగసాగాయి. అన్న రౌటరు మీద లైటు ఎర్రబడింది. పెద్ద యాంటెన్నా కొత్త బలాన్ని ఎక్కడినుంచీ తేదు. పిండిముద్దను జొన్నరొట్టెగా తట్టినట్టు, ఉన్న బలాన్నే పలచగా దూరానికి పరుస్తుంది. పడవ ఒరిగితే ఆ పలచటి పొర ఒకవైపు ఆకాశంలోకి, ఇంకోవైపు నీళ్లలోకి పోయి టవర్‌ను తప్పిపోతుంది. సముద్రం మీద తెరచాప పడవ గాలికి ఒరిగే నడుస్తుంది కాబట్టి అక్కడి నావికులకు ఈ చిక్కు ఇంకా ఎక్కువ. చిన్న యాంటెన్నా దూరం పోకపోయినా మందంగా పరుస్తుంది, పడవ ఊగినా టవర్ చేజారదు.

ఎగువన సింగూరు డ్యామ్ గేట్లు ఎత్తారు, వరద వస్తోందన్న మెసేజీ తమ్ముడికే అందింది. అతను వలలు వదిలేసి అన్న పడవ దాకా వెళ్లి, అతన్ని వెంటబెట్టుకుని ఒడ్డుకు చేరాడు.

నీతి: నెట్ అయినా మనిషి అయినా నమ్మదగిందో కాదో కదలని నీళ్లలో తేలదు. తమ్ముడు తన పడవ ఎంత ఊగుతుందో ముందు తెలుసుకుని, కావలసినంత బలమే తెచ్చుకుని, మిగిలిన శ్రద్ధంతా గెడ మీద, జాయింట్ల మీద, బ్యాటరీ మీద పెట్టాడు. పడవ మీద కొత్త సామాను బిగించినవాళ్లు గాలి వీచే రోజు చూసి దాన్ని ఒకసారి నడినీళ్లలోకి తీసుకెళ్లాలి.