పీల్చే గాలికి సాక్షి ఎవరు?

"అబద్ధ సాక్ష్యం పలకరాదు" అన్న ఆజ్ఞ మనందరికీ కంఠస్థమే. పాపసంకీర్తనంలో అబద్ధమాడానని ఒప్పుకుంటాం. నిజం చెప్పవలసిన చోట నోరు మెదపలేదని ఎందరం ఒప్పుకుంటాం?

అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో నార్కో అనే ఊరుంది. అక్కడ డైమండ్ అనే నల్లజాతివారి పేట షెల్ రసాయన కర్మాగారాన్ని ఆనుకొని ఉండేది. 1973లో గొట్టం నుండి వెలువడిన వాయువు అంటుకొని ఇద్దరు మరణించారు. ఆ తరువాత కూడా ఏళ్ళ తరబడి ఆ పేటవారి మొరకు విలువ దక్కలేదు. చివరకు మార్జీ రిచర్డ్ అనే ఉపాధ్యాయురాలు, ఇరుగుపొరుగువారు కలిసి బకెట్ చేతబట్టారు. మూత బిగించిన ప్లాస్టిక్ బకెట్‌లో ఒక ప్రత్యేకమైన సంచి ఉంటుంది. చిన్న పంపుతో బకెట్‌లోని గాలిని లాగివేస్తే, బయటి గాలి సంచిలో నిండుతుంది. దానిని ప్రయోగశాలకు పంపుతారు. 2002లో ఆ ఇళ్ళు కొని, వారిని వేరే చోటికి తరలించడానికి కంపెనీ అంగీకరించింది. 2004లో తమిళనాడు కడలూరు సిప్కాట్ ప్రాంత గ్రామస్థులు కూడా ఇలాగే గాలిని పట్టి పరీక్ష చేయించారు.

ఇక్కడ ఒక ధర్మసందేహం. బాధపడేవాడే రుజువు కూడా తేవాలా? ఎవరికి చెందవలసినది వారికి ఇవ్వాలన్న స్థిర సంకల్పమే న్యాయమని పునీత తోమాసు అక్వీనాసువారి బోధ. కర్మాగారంలో తయారైన సరుకు అందరి ఇళ్ళకూ చేరుతుంది. పొగ మాత్రం గోడ పక్క పేదవాని ఇంటికే చేరుతుంది. కనుక రుజువు భారం పొగ వదిలేవారిదే.

"ఫ్యాక్టరీ మూతపడితే కూడెక్కడిది?" అంటారు. న్యాయమైన ప్రశ్నే. అయితే తండ్రి తెచ్చిన కూలి బిడ్డ దగ్గు మందుకే సరిపోతే, ఆ ఇంటికి మిగిలిందేమిటి?

విశాఖపట్నం చెంత ఆర్.ఆర్. వెంకటాపురంలో 2020 మే 7 తెల్లవారుజామున స్టైరీన్ ఆవిరి 12 మందిని బలిగొన్నది. శవాలు లేచాక రుజువు ఎవరూ అడగరు. అంతకు ముందే ఆలకించడం న్యాయం.

మీ ఊళ్ళో ఘాటు వాసన వస్తే తేదీ, వేళ, గాలి వీచిన దిక్కు రాసిపెట్టండి. నలుగురూ కలిసి కాలుష్య నియంత్రణ మండలికి అర్జీ ఇవ్వండి. పరీక్షలో గాలి బాగున్నదని తేలితే అది కూడా దాచకుండా చెప్పండి, సాక్ష్యమంటే అదే.

సర్వేశ్వరుడు ఆదాము నాసికలలో జీవవాయువును ఊదాడు. ఆ ఊపిరి పొరుగువానికి అందుతున్నదా అని విచారించడం కూడా మన భక్తిలో భాగమే.