అర్థం లేని అక్షరం

చదువు చెప్పడం గొప్ప పని అనే విషయంలో మన దేశంలో ఎవరికీ భేదాభిప్రాయం లేదు. ధర్మకర్తలు అదే అంటారు, మంత్రులు అదే అంటారు, మనమూ అదే అంటాం. పరస్పర విరుద్ధమైన ప్రయోజనాలు గల ఇంతమంది ఒకే మాట అంటున్నప్పుడు ఆ మాటను కొంచెం అనుమానించడం మంచిది. అక్షరం నేర్పడం ఎల్లప్పుడూ మంచి పనేనా? అక్షరం నేర్పుతున్నామనే పేరుతో పిల్లవాడికి అన్యాయం చెయ్యడం సాధ్యం కాదా? సాధ్యమేననీ, ఆ అన్యాయం మన కళ్ళెదుటే, చాలావరకు మన చేతుల మీదుగానే జరుగుతున్నదనీ నా అభిప్రాయం. నేను ముప్పయ్యేళ్ళు చిన్న తరగతులకు పాఠం చెప్పినవాణ్ణి. అందుచేత దీన్ని ఇతరుల మీద నేరారోపణగా కాక నా వాంగ్మూలంగా తీసుకోవలసిందని పాఠకులను కోరుతున్నాను.

నేను చిక్కడపల్లిలో ఉంటాను. మా అపార్టుమెంటు వాచ్‌మన్ పాలమూరు నుంచి వలస వచ్చినవాడు. అతని భార్య నాలుగిళ్ళలో పనిచేస్తుంది. వాళ్ళ పిల్లవాడికి ఏడేళ్ళు. దగ్గరలో ఉన్న ఒక చిన్న ఇంగ్లీషు మీడియం బడిలో రెండో తరగతి. ఒకనాటి సాయంత్రం వాడు మెట్ల మీద కూర్చుని ఆవు మీద ఇంగ్లీషు పాఠం గట్టిగా చదువుతున్నాడు. ఎక్కడా తడుముకోవడం లేదు. ముచ్చటపడి పక్కన కూర్చున్నాను. అప్పుడు గమనించాను, వాడి నోరు మూడో వాక్యంలో ఉంటే వేలు అయిదో వాక్యం మీద ఉంది. మధ్యలో ఒక మాట చూపించి, "ఇదేమిట్రా?" అన్నాను. "మిల్క్" అన్నాడు. అక్కడున్నది "గ్రాస్". "గ్రాస్ అంటే ఏమిటి?" అని అడిగాను. వాడు నా ముఖంలోకి చూసి, "పరీక్షల అది అడగరు సార్" అన్నాడు.

ఈ సమాధానంలో తెలివితక్కువతనం ఏమీ లేదు. బడి స్వభావాన్ని వాడు సరిగానే గ్రహించాడు. అక్షరాలు ఎవరో పెద్దవాళ్ళ సొత్తు. వాటికి అర్థం ఉంటే ఉండవచ్చు, అది తనకు సంబంధించిన విషయం కాదు. తాను చెయ్యవలసిందల్లా అడిగినప్పుడు శబ్దం చెయ్యడం. ఏడేళ్ళ వయసులో వాడు నేర్చుకున్నది చదువు కాదు, విధేయత. అర్థమడగకుండా మాటను ఉచ్చరించడానికి అలవాటుపడినవాడు కారణమడగకుండా ఆజ్ఞను పాటించడానికి కూడా అలవాటుపడతాడు. చదవడం రాకపోవడం ఒక లోటు. రాని చదువును వచ్చిందని నమ్మించడం మోసం. లోటును ఎప్పుడైనా పూడ్చుకోవచ్చు. మోసపోయినవాడికి తనకు లోటున్నదనే సంగతే తెలియదు.

దీనికంతకూ ఇంగ్లీషే కారణమని తేల్చెయ్యడం చాలా సులువు. కాని అది నిజం కాదు. మనం తెలుగులో మాత్రం ఏం వెలగబెట్టాం? "ఓనమాలు" అనే మాటనే తీసుకోండి. "ఓం నమః శివాయ సిద్ధం నమః" అని వీధిబడిలో ఇసుకలో దిద్దించిన వాక్యం నుంచి వచ్చిన మాట అది. తెలుగు పిల్లవాడు రాసిన మొట్టమొదటి వాక్యం వాడికి తెలియని భాషలో ఉండేది! తరవాత వచ్చిన గ్రాంథికం అదే పని ఇంకో విధంగా చేసింది. నా సంగతే చెబుతాను. నెలల తరబడి గుణింతాలు వల్లె వేయించి, గుణింతపు గుర్తులు అక్కర్లేని మాటలు గనక "కలప", "వల" అని చదివించేవాణ్ణి. పట్నం పిల్లల్లో కలప చూసినవాడు ఒక్కడూ లేడు. అయినా చదివేవాళ్ళు, నేను సంతోషించేవాణ్ణి. "అంగీ" అని రాసిన పిల్లవాడికి ఎర్ర సిరాతో కొట్టివేసి "చొక్కా" అని దిద్దాను. వాడి ఒంటి మీద ఉన్నది వాడి తల్లి కుట్టిన అంగీ. ఆ రోజు నేను కొట్టివేసింది ఒక్క మాటనే కాదని ఆలస్యంగా తెలుసుకున్నాను.

గిడుగు రామమూర్తి ఈ విషయాన్ని మనకంటె ఎంతో ముందు తెలుసుకున్నాడు. ఆయన్ను మనం వ్యావహారిక భాషావాదిగా మాత్రమే తలుచుకుంటాం. పర్లాకిమిడిలో ఆయన సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పే ఏర్పాట్లు చేశాడు; ఆ భాషలో వాచకాలు రాశాడు. తెలుగు కోసం పోరాడిన మనిషి, తెలుగు రాని పిల్లల మీద తెలుగును రుద్దలేదు. ఆయన పక్షం వహించింది ఒక భాష వైపు కాదు, పిల్లవాడి నోటి వైపు.

ఆవు పాఠం తరవాత ఆ పిల్లవాడు రోజూ సాయంత్రం నా దగ్గరికి రాసాగాడు. "నీకు ఏ మాట రాయాలని ఉంది?" అని అడిగాను. "అమ్మ" అంటాడనుకున్నాను. "మోటరు" అన్నాడు. తెల్లవారుజామున నీళ్ళ మోటరు వెయ్యడం, ట్యాంకు నిండగానే బందు చెయ్యడం వాళ్ళ నాన్న పని. నాన్న లేనప్పుడు వాడి పని. నీళ్ళు పొర్లిపోతే మాటలు పడేది వాళ్ళే. ఆ ఇంటి ఆర్థికశాస్త్రమంతా ఆ ఒక్క మాటలో ఉంది. మో, ట, రు అని మూడు ముక్కలు చేశాం. మ, మా, మి, మీ. ట, టా, టి, టీ. ర, రా, రి, రీ. ఆ ముక్కలు అటూ ఇటూ కలిపి "మాట", "మూట", "మామ", "టమాట" అని వాడే తయారు చేశాడు. నేను ముప్పయ్యేళ్ళు పాడించిన గుణింతమే అది. వాడి చేతిలో పనిముట్టయింది.

రెండు నెలలు తిరిగేసరికి "మోటరు బందు చెయ్యాలె" అని వంకర అక్షరాలతో రాసి స్విచ్చి పక్కన అతికించాడు. పై అంతస్తులో ఉండే చదువుకున్న పెద్దమనిషి ఒకాయన అది చూసి, "బందు కాదు బాబూ, ఆపవలెను అని రాయాలి" అన్నాడట. ఆ మాట పిల్లవాడు నాకు చెప్పి, "గని ఆయనకు సమజైంది గద సార్?" అని అడిగాడు. భాష ప్రయోజనమేమిటనే ప్రశ్నకు ఇంతకంటె సూటి అయిన జవాబు నేను వినలేదు. "గ్రాస్ అంటే ఏమిటి" అన్నప్పుడు అర్థం అక్కర్లేదన్న పిల్లవాడే ఇప్పుడు అర్థాన్ని సాక్ష్యంగా నిలబెట్టి ఒక పెద్దమనిషితో వాదిస్తున్నాడు. మధ్యలో మారింది వాడి బుద్ధి కాదు, మాట.

ఇది నేను కనిపెట్టిన పద్ధతి కాదు. 1963లో బ్రెజిల్‌లోని ఆంజికోస్ అనే ఊళ్ళో పావ్లో ఫ్రెయిరె మూడువందల మంది శ్రామికులకు ఇట్లాగే వాళ్ళ బతుకులో ఉన్న మాటలతో చదువు మొదలుపెట్టాడు. ఆయన ఇచ్చే ఉదాహరణల్లో ఒకటి "తిజోలు", అంటే ఇటుక. దాన్ని ముక్కలు చేసి త, తె, తి, తొ, తు అని అల్లుకుపోతారు. అచ్చం మన గుణింతమే. 1964లో సైనిక కుట్ర జరగగానే ఆయన్ను జైల్లో పెట్టారు, తరవాత దేశం విడిచిపోవలసి వచ్చింది. ఇటుక అనే మాట రాయడం నేర్పినందుకు జైలెందుకు? ఇటుక రాయడం వచ్చినవాడు, ఇటుకలు మోసే నాకు ఇల్లెందుకు లేదని అడుగుతాడు గనక. మన నెల్లూరు జిల్లాలో 1990 దశకం మొదట్లో అక్షరాస్యతా ఉద్యమపు వాచకంలో "సీతమ్మ కథ" అని సారా మీద ఒక పాఠం ఉండేది. దూబగుంట ఆడవాళ్ళు అది చదివి ఊరుకోలేదు, సారా దుకాణం మీదికి పోయారు. ఆ ఉద్యమం పాకి, 1993లో రాష్ట్ర ప్రభుత్వం సారాను నిషేధించవలసి వచ్చింది. అర్థమున్న అక్షరానికి అంత బలముంది. పాలకవర్గాలు అర్థం లేని అక్షరాన్నే ఇష్టపడటంలో ఆశ్చర్యం లేదు.

నేనుంటున్న ఈ పేటల చరిత్ర కూడా ఇదే చెబుతుంది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంతో వెలిసింది. ఉన్నత విద్య ఇంగ్లీషులో తప్ప సాధ్యం కాదనే నమ్మకాన్ని అది బద్దలుకొట్టింది. ఆ గౌరవం దానికి దక్కవలసిందే. కాని సంస్థానంలో అత్యధికుల నోట ఉన్నవి తెలుగు, మరాఠీ, కన్నడం. దేశభాష అయినంత మాత్రాన అది పిల్లవాడి భాష కాదు. 1921లో హైదరాబాదులో ఒక సంఘ సంస్కార సభలో అల్లంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గేలిచేశారు. ఆ అవమానం నుంచి ఆంధ్ర జనసంఘం పుట్టింది. ఆ ఉద్యమంలో ముందున్న మాడపాటి హనుమంతరావు కృషితో 1928లో ఆడపిల్లలకు తెలుగులో చదువు చెప్పే బడి వెలిసింది. నేటికీ అది నారాయణగూడలో ఆయన పేరుతో ఉంది. సర్కారు గుర్తింపు దొరకక, ఎక్కడో పూనాలో ఉన్న కార్వే మహిళా విశ్వవిద్యాలయానికి అనుబంధంగా నడిచింది. ఒక తరం తన ఆడపిల్లలు అర్థమయ్యే మాటల్లో చదువుకోవాలని ఇంత శ్రమపడింది.

ఇక్కడ ఒక గట్టి ఆక్షేపణ ఉంది. దాన్ని దాటవెయ్యడం నిజాయితీ కాదు. పిల్లవాణ్ణి తెలుగు బడిలో వెయ్యరాదా అని నేను వాడి తల్లిని అడిగాను. ఆమె, "ఇంగ్లీషు రాకుంటే నా లెక్కనే బోళ్ళు తోముకుంట బతకాలె సారూ" అని, ఒక్క క్షణం ఆగి, "మీ పిల్లలు ఏ బడిల సదివిండ్రు?" అని అడిగింది. నా పిల్లలిద్దరూ ఇంగ్లీషు మీడియంలో చదివారు. నేను జవాబు చెప్పలేకపోయాను. కంచ ఐలయ్య ఏళ్ళ తరబడి అడుగుతున్న ప్రశ్న ఇదే: తెలుగు మాధ్యమాన్ని గురించి ఉపన్యసించేవాళ్ళ పిల్లలు ఏ బళ్ళో ఉన్నారు? పైకులాలు ఇంగ్లీషు మెట్లెక్కి పైకి పోయి, కింది కులాలవాళ్ళను మాత్రం మాతృభాషను కాపాడమనడం ఏ న్యాయం? ఈ ప్రశ్నకు తలవంచకుండా మాతృభాష గొప్పదనం చెప్పే హక్కు మనకు లేదు.

కాని తలవంచిన తరవాత కూడా ఒక విషయం మిగులుతుంది. ఆ ఆవు పాఠాన్నే నా పిల్లలూ చదివారు. వాళ్ళకు గ్రాస్ అంటే గడ్డి అని చెప్పడానికి ఇంట్లో నేనున్నాను, వాళ్ళ అమ్మ ఉంది, పుస్తకాలున్నాయి. వాచ్‌మన్ కొడుక్కి చెప్పేవాళ్ళెవరు? ఒకే పుస్తకం రెండిళ్ళలో రెండు పుస్తకాలవుతుంది. మధ్యతరగతి ఇంట్లో బడి చెయ్యని పనిని ఇల్లు చేస్తుంది; పేదవాడి ఇంట్లో బడి చెయ్యనిది ఇక ఎవరూ చెయ్యరు. చదువు తల్లిభాషలో మొదలు కావాలని 1953లో యునెస్కో నివేదిక చెప్పినప్పుడు అది భాషాభిమానం కొద్దీ చెప్పిన మాట కాదు. తెలంగాణలో 2022-23 నుంచి ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషు మాధ్యమం పెట్టి, ఒకవైపు తెలుగు, మరోవైపు ఇంగ్లీషు ఉన్న పుస్తకాలిచ్చారు. పుస్తకంలో రెండు భాషలున్నంత మాత్రాన చాలదు. ఒకదాని నుంచి ఇంకొకదానిలోకి పిల్లవాణ్ణి చెయ్యిపట్టి నడిపించే ఉపాధ్యాయుడు, అందుకు వ్యవధి ఉండాలి. ఆ ఏడాదే జరిగిన అసర్ సర్వేలో, గ్రామీణ భారతంలో అయిదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 42.8 శాతం. అదైనా నోటి చదువు లెక్క.

ఇందుచేత పిల్లలకు ఇంగ్లీషు వద్దని నేను అనడంలేదు. ఇంగ్లీషు రావాలనే ఆ తల్లి కోరిక పూర్తిగా న్యాయమైనది. ఆమెకు బడి అమ్ముతున్నది ఇంగ్లీషు కాదు, ఇంగ్లీషు శబ్దం. తన భాషలో ఒక వాక్యం చదివి అర్థం చేసుకున్నవాడికి అర్థం చేసుకోవడమంటే ఏమిటో తెలుస్తుంది. ఇంకో భాషలో అర్థం కానప్పుడు అర్థం కాలేదని తెలుసుకుని అడుగుతాడు. అడగడం రానివాడికి ఏ భాషా రాదు.

మా ఇంటికి దగ్గర్లోనే నగర కేంద్ర గ్రంథాలయం ఉంది. అశోక్ నగర్ సందుల్లో గదులు అద్దెకు తీసుకుని, కోచింగ్ సెంటర్లలో గ్రూప్స్ పరీక్షలకు తయారవుతున్న యువకులు అక్కడ పొద్దుటినుంచి రాత్రిదాకా కూర్చుంటారు. వాళ్ళలో చాలామంది పల్లెల నుంచి వచ్చిన పేదవాళ్ళు. వాళ్ళ పట్టుదల చూస్తే గౌరవం కలుగుతుంది. ఒకనాడు అక్కడొక కుర్రవాడు తెలంగాణ సాయుధ పోరాటం తేదీలు వల్లె వేస్తున్నాడు. ఆ పోరాటం ఎందుకు జరిగిందని అడిగాను. "అది డిస్క్రిప్టివ్ సార్, మాకు ఆబ్జెక్టివే" అన్నాడు. మెట్ల మీద నేను విన్న జవాబే ఇది, పదిహేనేళ్ళు పెద్దదయింది. ఆ కుర్రవాణ్ణి తప్పుపట్టే అర్హత నాకు లేదు. ఇటువంటివాళ్ళకు మొదటి తరగతి చెప్పింది నావంటివాళ్ళే.

ఉపాధ్యాయ మిత్రులకూ విద్యార్థులకూ నేను చెప్పదలచుకున్నది ఇంతే. మాధ్యమాన్ని గురించి తీర్మానాలు చెయ్యడానికి ముందు మన పిల్లలూ వాచ్‌మన్ పిల్లలూ ఒకే బడిలో ఉండాలని అడుగుదాం. ఉమ్మడి పాఠశాల కావాలని కొఠారీ కమిషన్ 1966లోనే చెప్పింది. ఆ బడిలో పిల్లవాడి మొదటి మాట పిల్లవాడి నోటి నుంచే రావాలని అడుగుదాం. అది సాధించేలోగా, రేపు ఉదయం తరగతిలోకి పోయినప్పుడు, గడగడా చదివిన పిల్లవాణ్ణి మెచ్చుకోవడానికి ముందు, చదివినదానికి అర్థమేమిటని ఒక్కసారి అడుగుదాం. అది పరీక్షలో రాదని వాడంటే, ఆ మాటకు బాధ్యత వహించడంతో మన పని మొదలుపెడదాం.