ప్రమాణానికి ప్రమాణం ఏది?

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను ముందే పసిగట్టే పరీక్షల్లో ఏది నమ్మదగినదన్న ప్రశ్న, మూలంలో ప్రమాణ చర్చే, అంటే సరైన జ్ఞానానికి సాధనం ఏదన్న చర్చే. వస్తువును ప్రమాణం నిర్ధారిస్తే ప్రమాణాన్ని నిర్ధారించేదేమిటని ‘విగ్రహవ్యావర్తని’లో బౌద్ధ తాత్వికుడు నాగార్జునుడు అడిగాడు. దీపం తనను తాను వెలిగించుకున్నట్టే ప్రమాణమూ తనను తానే నిర్ధారించుకుంటుందన్న సమాధానాన్ని ఆయన ఒప్పుకోలేదు.

పాప్ పరీక్షలో గాజుపలక మీద పూసిన కణాలకు రంగువేసి సూక్ష్మదర్శినిలో చూస్తారు. కేంద్రకం ఉబ్బి, ముదురుగా కనిపిస్తే అనుమానం. ఇది ప్రత్యక్ష ప్రమాణం, చూసే కన్ను మారితే తీర్పూ మారవచ్చు. హెచ్‌పీవీ పరీక్ష ఈ క్యాన్సర్‌కు కారణమయ్యే హ్యూమన్ పాపిలోమా వైరస్ డీఎన్ఏను పట్టుకుంటుంది. అది చూపేది కారణాన్ని, వ్యాధిని కాదు. చాలామందిలో వైరస్ ఒకటి రెండేళ్లలో దానంతటదే పోతుంది. మబ్బు పట్టిన ప్రతిసారీ వాన కురవదు.

మరి ఈ పరీక్షలను కొలిచేదేమిటి? మేడ్చల్ ప్రాంతంలో పద్ధతులను పోల్చి 2010లో వెలువడిన అధ్యయనం బయాప్సీని కొలబద్దగా పెట్టుకుంది. ముక్క తీసిన చోటు తప్పితే అదీ పొరబడుతుంది. మహారాష్ట్రలోని అప్పటి ఉస్మానాబాద్ జిల్లాలో 1,31,746 మంది స్త్రీలతో సాగిన అధ్యయనం ఈ క్యాన్సర్ వల్ల కలిగిన మరణాలను లెక్కించింది. 2009లో వెలువడిన ఫలితం ప్రకారం ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష అందిన వర్గంలో మరణాలు 34, పరీక్ష అందని వర్గంలో 64. మిగతా పద్ధతుల్లో చెప్పుకోదగ్గ తగ్గుదల లేదు. ఆ 64 ప్రాణాల్లో కొన్నైనా ఈ జ్ఞానానికి కట్టిన మూల్యమన్నది మరువరానిది.

హెచ్‌పీవీ పరీక్షకు నమూనాను స్త్రీ స్వయంగా తీసుకోవచ్చు. మిరపకోతల వేళ కూలి వదులుకోలేని ప్రకాశం జిల్లా మహిళకు ఆ వెసులుబాటు చిన్నది కాదు.